ఫ్లిన్ ఫ్లాన్ బాంబర్స్: 1978లో వెళ్లిపోయిన జట్టు ఏది, ఇప్పుడు ఆడుతున్నది ఏది?

ప్రశ్న (విన్నిపెగ్ వాసి):

అందరికీ నమస్కారం. నేను రెండేళ్లుగా విన్నిపెగ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా ఆఫీసులో ఫ్లిన్ ఫ్లాన్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు. తమ ఊరి జూనియర్ ఐస్ హాకీ జట్టు బాంబర్స్ 1927 నుంచీ ఉందనీ, ఒకసారి దేశమంతటికీ విజేతగా నిలిచిందనీ ఆయన ఎంతో గర్వంగా చెబుతారు. అయితే ఆ జట్టు 1978లో ఎడ్మంటన్‌కు తరలిపోయిందని నేను వేరేచోట చదివాను. అలాంటప్పుడు ఇప్పుడు ఆ పేరుతో ఆడుతున్నది ఎవరు? సుమారు అయిదు వేల జనాభా ఉన్న ఊరు అంతటి విజయం ఎలా సాధించింది?

సమాధానం 1 (సస్కటూన్ వాసి):

మీరు చదివినదీ నిజమే, ఆ పెద్దాయన చెప్పినదీ నిజమే. ముందుగా ఊరి సంగతి చెబుతాను, ఎందుకంటే గని గురించి తెలియకుండా ఈ జట్టు చరిత్ర అర్థం కాదు.

మానిటోబా, సస్కాచెవాన్ రాష్ట్రాల సరిహద్దు మీద, రాతి నేలపై, రాగి, జింకు ఖనిజాల కోసం వెలసిన ఊరు అది. గని కంపెనీ ఏర్పడిందీ, బాంబర్స్ పుట్టిందీ ఒకే సంవత్సరం, 1927లోనే. 1960 ప్రాంతంలో అక్కడ పదివేలకు పైగా జనం ఉండేవారు కాబట్టి, నేటి జనాభాను చూసి నాటి విజయాన్ని అంచనా వేయలేము. ఆటగాళ్లకు గనిలో పని దొరికేది, శీతాకాలం సుదీర్ఘంగా ఉండేది, పిల్లలు నడక నేర్చిన కొద్దికాలానికే స్కేట్లు కట్టుకునేవారు.

1957లో కెనడా జాతీయ జూనియర్ హాకీ పోటీ అయిన మెమోరియల్ కప్ ఫైనల్‌లో బాంబర్స్ ఎదుర్కొన్నది ఒట్టావా కెనేడియన్స్‌ను. అది మాంట్రియల్ కెనేడియన్స్ వంటి పెద్ద వృత్తి హాకీ సంస్థ అండ ఉన్న జట్టు; మరుసటి ఏడాదే అదే కప్పును గెలుచుకున్న జట్టు కూడా. అటువంటి ప్రత్యర్థిపై ఏడు ఆటల సిరీస్‌ను 4–3 తేడాతో ఒక గని ఊరి కుర్రాళ్లు గెలిచారంటే, ఆ ఊరు దానిని ఇప్పటికీ ఎందుకు తలచుకుంటుందో ఊహించవచ్చు.

సమాధానం 2 (కాల్గరీ వాసి):

పై సమాధానానికి బాంబర్స్ ఆటగాడు బాబీ క్లార్క్ కథను జోడించాలి. ఆయన ఆ ఊరిలోనే పుట్టిన గని కార్మికుడి కొడుకు. 1967–68 సీజన్‌లో ఆయన 168 పాయింట్లు (గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి) సాధించగా, ఆయన సహచరుడు రెజీ లీచ్ 87 గోల్స్ కొట్టారు. 1969లోనూ, 1970లోనూ పశ్చిమ కెనడా లీగ్ టైటిల్ బాంబర్స్‌దే.

క్లార్క్‌కు చిన్న వయసులోనే మధుమేహం వచ్చింది. ఆ కారణంగా పెద్ద జట్లు వెనుకాడతాయని గ్రహించిన కోచ్ ప్యాటీ జినెల్, ఆయనను అమెరికాలోని మేయో క్లినిక్‌కు తీసుకువెళ్లి, ఆరోగ్యం చూసుకుంటే వృత్తి క్రీడాకారుడిగా ఆడవచ్చని వైద్యుల చేత రాయించుకున్నారు. అయినా నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) వృత్తి జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే 1969 డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఆయనను ఎవరూ తీసుకోలేదు. రెండో రౌండ్‌లో ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ మొత్తం మీద 17వ ఎంపికగా తీసుకుంది. ఆయన కెప్టెన్‌గా ఉండగానే ఆ జట్టు 1974, 1975లలో ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది. నా కుమారుడికి కూడా మధుమేహం ఉంది, వాడు ఆడుతున్నాడు కూడా. అందుకే ఒక కోచ్ తన ఆటగాడి కోసం చేసిన ఆ ప్రయాణం నాకు ఆ కప్పులన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. 1978 సంగతి మాత్రం ఇంకా స్పష్టం కాలేదు.

సమాధానం 1 (సస్కటూన్ వాసి):

క్షమించాలి, అసలు ప్రశ్ననే వదిలేశాను. 1978లో తరలిపోయినది పశ్చిమ కెనడా పెద్ద జూనియర్ లీగ్‌లో ఆడే ఫ్రాంచైజీ మాత్రమే. అది ఎడ్మంటన్‌లో ఒక్క సీజన్ ఆడి, అమెరికాలోని గ్రేట్ ఫాల్స్‌కు, తర్వాత స్పోకేన్‌కు మారి, 1981లో మూతపడింది. బాంబర్స్ అన్న పేరును మాత్రం ఊరు వదులుకోలేదు. అంతకంటే ఒక మెట్టు కిందనున్న స్థాయిలో జట్టును నిలబెట్టుకుని, 1984లో సస్కాచెవాన్ జూనియర్ హాకీ లీగ్‌లో చేరింది. ఇప్పుడు విట్నీ ఫోరం రింక్‌లో ఆడుతున్నది ఆ జట్టే. గెలుపు సంబరంలో ప్రేక్షకులు దుప్పి జాతికి చెందిన మూస్ కాలును మంచు మీదకు విసిరే అలవాటు కూడా అక్కడిదే.

కరిగింపు కర్మాగారం 2010లోనూ, చివరి గని 2022లోనూ మూతపడ్డాయి. మీరు ఒకసారి ఆ పెద్దాయనతో కలిసి శీతాకాలంలో వెళ్లండి. విన్నిపెగ్ నుంచి దూరం ఏడువందల కిలోమీటర్లకు పైమాటే కాబట్టి, రాత్రి బసకు ముందే ఏర్పాటు చేసుకోండి.