అమ్మకు థైరాయిడ్ టెస్టులో టీఎస్‌హెచ్ 6.8: మాత్ర మొదలుపెట్టాలా, వద్దా?

తాడిపత్రి_శీను: అమ్మకు 71 ఏళ్లు. అనంతపురంలో ప్యాకేజీ టెస్టులు చేయిస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పని చేయించే హార్మోను) 6.8, ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోను) నార్మల్. ఒక డాక్టరు 50 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్ర రాసి జీవితాంతం వేసుకోమన్నారు, ఇంకొకాయన అక్కర్లేదన్నారు. ఎవరి మాట వినాలి?

గుత్తికోట: వద్దు శీనూ. టీ4 బాగుండి టీఎస్‌హెచ్ ఒక్కటే కొంచెం పెరిగితే సబ్‌క్లినికల్ అంటారు. 2017లో ట్రస్ట్ అనే ట్రయల్ వచ్చింది. 65 దాటిన 737 మంది, కొందరికి మాత్ర, కొందరికి ఉత్తుత్తి మాత్ర. ఏడాదికి మాత్ర వేసుకున్నవాళ్ల టీఎస్‌హెచ్ తగ్గింది, నీరసం మాత్రం ఇద్దరికీ ఒకటే. పైగా డోసు ఎక్కువైతే పెద్దవాళ్లకు గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

నంద్యాల_పద్మ: ఎక్కడ జరిగింది అది?

గుత్తికోట: నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్, ఐర్లాండ్, బ్రిటన్.

నంద్యాల_పద్మ: అదీ సంగతి. వాళ్ల ఒళ్లు వేరు, మన ఒళ్లు వేరు.

కదిరి_మల్లె: వేసుకుంటే పరగడుపునే వేసుకోవాలి, అరగంట దాకా కాఫీ వద్దు.

పులివెందుల77: అరగంట చాలదు, గంట. కాల్షియం మాత్రకైతే నాలుగు గంటల ఎడం.

గుత్తికోట: అసలు మాత్రే వద్దంటుంటే కాఫీ గొడవేంది? 2019లో బీఎంజే అనే బ్రిటన్ వైద్య పత్రికలో నిపుణుల బృందం కూడా సబ్‌క్లినికల్‌కు మాత్ర వద్దని గట్టిగానే చెప్పింది. గర్భం కోసం చూసేవాళ్లు, టీఎస్‌హెచ్ 20 దాటినవాళ్లు, చిన్న వయసులో ఉన్నవాళ్లు ఆ మాట కిందికి రారు. శీను వాళ్లమ్మ వీటిలో దేంట్లోనూ లేరు.

నంద్యాల_పద్మ: ఆమెకు నీరసం ఉందా లేదా అని మీలో ఒక్కరైనా అడిగారా? రెండో కాన్పు తర్వాత నేను మంచం దిగలేకపోతే డాక్టరు ఇంటిపని నీరసమే అన్నాడు, మా ఇంట్లోవాళ్లకు అదే వేదవాక్కు అయిపోయింది. వేరే చోట టెస్టు చేయిస్తే టీ4 అడుగంటింది. ఈరోజు నిలబడి వంట చేస్తున్నానంటే ఆ మాత్ర వల్లే.

గుత్తికోట: మీది అసలైన హైపోథైరాయిడ్ అక్కా, మీకు మాత్ర తప్పదు. దాన్ని నేనెక్కడ కాదన్నాను?

నంద్యాల_పద్మ: "ఏమీ లేదు పోమ్మా" అనేవాళ్లందరూ ఇట్లాగే నింపాదిగా మాట్లాడతారు.

గుత్తికోట: నాకు నింపాది ఎక్కడిది? మా నాన్నకు బార్డర్‌లో ఉందని మాత్ర రాశారు. ఆ చీటీ పట్టుకుని ఏళ్ల తరబడి మెడికల్ షాపులో కొనడమే, మళ్లీ టెస్టు చేయించమని చెప్పిన పుణ్యాత్ముడు లేడు. చివరికి గుండె దడతో కర్నూలుకు ఎత్తుకుపోతే టీఎస్‌హెచ్ దాదాపు సున్నా, అంటే మాత్ర డోసు ఎక్కువైపోయింది. రాసినోడు మళ్లీ చూడడు, నా భయం అదీ.

నంద్యాల_పద్మ: వద్దన్నోడు మాత్రం చూస్తాడా?

తాడిపత్రి_శీను: అన్నా, అక్కా, ఆగండి. అమ్మకు నీరసం ఉంది, అరికాళ్లు తిమ్మిరి అంటుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వాడుతోంది.

గుత్తికోట: ఇది ముందే చెప్పాలి కదప్పా! మెట్‌ఫార్మిన్ ఎక్కువ కాలం వాడితే బి12 విటమిన్ తగ్గొచ్చు, నీరసం, తిమ్మిరి దాంతో కూడా వస్తాయి, తిమ్మిరి షుగరు వల్ల కూడా రావచ్చు. బి12, హిమోగ్లోబిన్ చూపించు. టీఎస్‌హెచ్ రెండు మూడు నెలలాగి మళ్లీ చేయించు, ఒక్కోసారి దానంతటదే దిగుతుంది. యాంటీ టీపీఓ (థైరాయిడ్ మీద దాడి చేసే యాంటీబాడీల టెస్టు) కూడా అడుగు, అది పాజిటివ్ అయితే ముందు ముందు టీఎస్‌హెచ్ పెరిగే అవకాశం ఎక్కువ.

నంద్యాల_పద్మ: నీరసం సంగతి నేను అడిగితేగానీ ఇదంతా బయటికి రాలేదు.

గుత్తికోట: సరే. మన ఒళ్లు వేరని ఎక్కడ చదివారో అదైనా చెప్పండి.

నంద్యాల_పద్మ: చదవలేదు, అన్నాను.