చీరల షాపు ఆన్‌లైన్‌లో పెడదామంటే నాన్న ససేమిరా అంటున్నారు, మీ దగ్గరెలా ఉంది?

మంగళగిరి_అబ్బాయి:
మాది చిన్న చేనేత చీరల షాపు. పెళ్లిళ్లప్పుడు పర్లేదు, మూఢం వచ్చిందంటే ఈగలు తోలుకోవడమే. ఆన్‌లైన్ అంటే నాన్న "నిజాం అంచు చేత్తో పట్టుకుని చూడకుండా ఎవడు కొంటాడ్రా" అంటారు, అటు చూస్తే పక్క వీధి వాళ్లు ఇన్‌స్టా లైవ్ పెట్టి రోజూ పార్సిళ్లు కడుతున్నారు. మీరు ఏం చూసి దిగారు, ఏం చూసి ఆగిపోయారు? మాకు జీఎస్టీ కూడా లేదు.

ఇక్కత్_ఇల్లు:
మాది పోచంపల్లి. ఒక పెద్ద మార్కెట్‌ప్లేస్‌లో (అమెజాన్ లాంటి ఆన్‌లైన్ సైట్లో) పెట్టి మానేశాం. రిజిస్ట్రేషన్ ఏమంత కష్టం కాదు, అసలు గొడవ మన సరుకుతోనే, ఒక డిజైన్‌కి ఒకటో రెండో చీరలుంటాయి, దానికి ఫోటోలు తీసి కొలతలు రాసి పెట్టేలోపు షాపుకొచ్చిన వాళ్లు అదే పట్టుకుపోతారు, తర్వాత ఆన్‌లైన్‌లో ఆర్డరొస్తే క్యాన్సిల్ చేయాలి, మన రేటింగ్ పడిపోతుంది. మిల్లు చీర వంద పీసులు ఉన్నోడికి సరిపోతుంది గానీ మనకి కాదు. ఇప్పుడంతా వాట్సాప్ గ్రూపే. పొద్దున్న గుమ్మం దగ్గర వెలుగులో కొంగు పరిచి ఫోటో తీస్తాం, ట్యూబ్‌లైట్ కింద బాటిల్ గ్రీన్ నల్లగా పడుతుంది, అక్కడే సగం రిటర్నులు.

లెక్కల_మాస్టారు:
జీఎస్టీ లేదని ఆగక్కర్లేదు. 2023 అక్టోబర్ 1 నుంచి రూలు మారింది, టర్నోవర్ లిమిట్ లోపలున్నవాళ్లు (సరుకులకి ఏపీలో 40 లక్షలు, తెలంగాణలో 20) పాన్‌తో ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుని మార్కెట్‌ప్లేస్‌లో అమ్ముకోవచ్చు. కాకపోతే సొంత రాష్ట్రం లోపలే. మార్కెట్‌ప్లేస్ ద్వారా మీ చీర బెంగళూరు వెళ్లాలంటే మాత్రం జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే.

చీరాల_చిన్నోడు:
సీఓడీ (సరుకు చేరాక డబ్బులిచ్చే పద్ధతి) మాత్రం పెట్టకండి బాబూ. డోర్ దగ్గర వద్దంటారు, రానూపోనూ కొరియర్ మనకే పడుతుంది, తిరిగొచ్చిన చీర మడత నలిగి ఉంటుంది. ఇంకో బాధ, పక్కనే మరమగ్గం కాపీ ఐదొందలకి "మంగళగిరి" అని పెడతాడు, చూసేవాళ్లకి ఫోటోలో రెండూ ఒకటే. హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ (చేనేతేనని చెప్పే ప్రభుత్వ ముద్ర) ఉంటే ఫోటోలో కనపడేట్టు పెట్టండి.

డల్లాస్_వదిన:
కొనేవాళ్ల వైపు నుంచి చెప్తున్నా. నాకు యాప్ అక్కర్లేదు, వీడియో కాల్‌లో షాపాయన అంచు వెనక్కి తిప్పి చూపిస్తే చాలు, డబ్బులు అప్పుడే వేసేస్తా. మీ నాన్నగారు చేత్తో పట్టుకు చూడాలంటున్నారుగా, ఆ చూపించేదేదో ఆయన్నే చూపించమనండి.

మంగళగిరి_అబ్బాయి:
నాన్నకి చదివి వినిపించా. సీఓడీ లేకపోతే ఆలోచిద్దాం అన్నారు, కానీ మెసేజీలకి జవాబులిచ్చేదీ ప్యాకింగ్ చేసేదీ ఎవరు అంటున్నారు, నేనేమో హైదరాబాద్‌లో జాబ్.

ఇక్కత్_ఇల్లు:
మీ అమ్మగారిని అడిగారా? మా గ్రూపు మొత్తం నడిపేది మా అత్తే, మామయ్య పార్సిల్ కట్టి పోస్టాఫీసులో ఇచ్చొస్తారు అంతే.