హీటర్ ఏసీ బాక్స్ మళ్లీ బిగిస్తున్నా, ఫ్లాప్‌కి చిల్లులున్నాయి, ఒక క్లిప్ మిగిలిపోయింది

పాతబండి_పిచ్చోడు:
అందరికీ నమస్తే. నా దగ్గర 70ల చివర్లో వచ్చిన సెడాన్ ఒకటుంది. డ్యాష్‌బోర్డ్ మొత్తం ఊడదీసి హీటర్ ఏసీ బాక్స్ బయటికి తీసి మూడు నెలలవుతోంది. అప్పుడు ఫోటోలు బాగానే తీశా గానీ తీసినవన్నీ బాక్స్ బయటి వైపువే, లోపల ఏది ఎటు తిరిగి ఉందో చూపించేది ఒక్కటీ లేదు, నా తెలివి అలా ఏడ్చింది. ఇప్పుడు అన్నీ కడిగి ఆరబెట్టి టేబుల్ మీద పరుచుకుని కూర్చుంటే ఒక్కో డౌటూ బయటికొస్తోంది.

గాలిని అటూ ఇటూ మళ్లించే రేకు ఫ్లాపులున్నాయి కదా, వాటి మీది స్పాంజి ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతోంది. ఇన్నాళ్లూ వెంట్లలోంచి మొహం మీద పడ్డ నల్ల నలుసులు ఇవేనన్నమాట. సరేలే అని మొత్తం గీకేశా, గీకాక చూస్తే రేకుకి వరసగా చిల్లులు. గుండ్రంగా, అన్నీ ఒకే సైజు, కాబట్టి తుప్పు తిన్నవైతే కాదు. మరి గాలి ఆపాల్సిన రేకుకి కంపెనీవాళ్లే చిల్లులెందుకు పెడతారు? మూసేయాలా, వదిలేయాలా?

ఇంకోటి, బ్లోయర్ మోటార్‌ని విడిగా బ్యాటరీకి తగిలించి చూశా. తిరుగుతోంది, కానీ గాలి మరీ తక్కువ, తీయకముందు ఇంత వీక్‌గా లేదు, పైగా వణుకుతోంది కూడా. మోటార్ పోయినట్టేనా?

చివరగా ఒక చిన్న స్టీల్ క్లిప్ మిగిలిపోయింది. గోరంత ఉంటుంది, రేకు ముక్కని సగానికి మడిచినట్టు. బాక్స్ అంచుల క్లిప్పులు వేరే, అవి పెద్దవి, వాటి లెక్క సరిపోయింది. ఆదివారం రెండు సగాలకీ మధ్యలో సిలికాన్ పూసి మూసేద్దామని ప్లాన్, ఈలోపు ఆపాల్సినవాళ్లు ఎవరైనా ఉంటే ఆపండి.

గ్రీజు_చేతులు:
ముందు ఆ సిలికాన్ ట్యూబ్ పక్కన పెట్టు తమ్ముడూ, చెప్తా.

చిల్లులు కంపెనీవే. రేకుకి రెండు వైపులా స్పాంజి అతికిస్తారు, చిల్లుల్లోంచి రెండు స్పాంజిలూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, గాలిని ఆపేది ఆ స్పాంజే. అది రాలిపోయాక ఫ్లాప్ మూసినా జల్లెడే, లివర్ ఫుల్ కూల్‌లో పెట్టినా హీటర్ వేడి గాలి కలిసిపోతూ ఉంటుంది, ఏసీ సరిగ్గా చల్లబడట్లేదని గ్యాస్ మీద గ్యాస్ కొట్టిస్తూ తిరిగేవాళ్లని చాలామందిని చూశా, లోపం గ్యాస్‌లో కాదు ఈ స్పాంజిలో. కొత్తది వేసేటప్పుడు నీళ్లు పీల్చని రకం, అంటే క్లోజ్డ్ సెల్ ఫోమ్ తీసుకో. కూర్చునే సీట్లలో వాడే మామూలు స్పాంజి వేస్తే తేమ పీల్చి వాసనొస్తుంది, కొన్నేళ్లకి మళ్లీ ఇదే కథ. మందం పాతదానంతే ఉండాలి. మందంగా ఉంటే ఇంకా బాగా సీల్ అవుతుందనుకుంటారు, ఫ్లాప్ చివరిదాకా మూసుకోక లివర్ బిగుసుకుపోతుంది, గట్టిగా లాగితే కేబుల్ వంగిపోతుంది. గమ్ కూడా వేడికి తట్టుకునేదే వాడు, హీటర్ కోర్‌లో (చిన్న రేడియేటర్ లాంటిది) తిరిగేది ఇంజిన్ వేడినీళ్లు, పక్కనే ఉన్న ఫ్లాప్ మీద మామూలు గమ్ మెత్తబడి ఫోమ్ జారిపోతుంది.

ఇక హీటర్ కోర్‌ని టెస్ట్ చేయకుండా మాత్రం బాక్స్ మూయకు. ఒక పైపు గట్టిగా మూసేసి ఇంకో పైపులోంచి సైకిల్ పంపుతో గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచు. రేడియేటర్ క్యాప్ మీద ఎంత ప్రెషర్ రాసుందో అంతే చాలు, మామూలుగా 13 నుంచి 15 పీఎస్‌ఐ ఉంటుంది, అంతకుమించి కొడితే బాగున్న కోర్ కూడా చిరుగుతుంది. పది నిమిషాలు అలా వదిలి చూడు, బుడగ ఒక్కటి వచ్చినా అది లీకే.

వైరింగ్_బాబాయ్:
మోటార్ పోయిందని అప్పుడే ఏడవకు బాబూ, వైర్లు తారుమారు చేసి మళ్లీ చూడు. ఈ మాగ్నెట్ మోటార్లకి ప్లస్ మైనస్ మారిస్తే ఉల్టా తిరుగుతాయి. మామూలు టేబుల్ ఫ్యానైతే ఉల్టా తిరిగితే గాలి వెనక్కి వస్తుంది కాబట్టి వెంటనే తెలిసిపోతుంది, కానీ ఈ డ్రమ్ము లాంటి ఫ్యాన్ ఎటు తిరిగినా గాలి అదే దారిలోంచి వస్తుంది, కాకపోతే చాలా తక్కువ వస్తుంది. అందుకే బాగున్న మోటార్లని పారేసి కొత్తవి కొంటుంటారు. బాక్స్‌లో ఫ్యాన్ చుట్టూ నత్త గుల్లలా ఉండే గూడు చూడు, ఇరుకు దగ్గర్నుంచి వెడల్పు వైపుకి తిరగాలి. డ్రమ్ముని షాఫ్ట్ మీద తిరగేసి బిగించినా ఇదే సమస్య వస్తుంది, అది కూడా ఓసారి చూసుకో.

స్పీడ్లు మార్చే రెసిస్టర్‌ని తీసిన చోటే పెట్టు, గాలి దారిలో. గాలి తగలకపోతే దాని చుట్టలు ఎర్రగా కాలిపోతాయి, ప్లాస్టిక్ బాక్స్ మధ్యలో అది మంచిది కాదు. టేబుల్ మీద టెస్ట్ చేసేటప్పుడు కూడా రెసిస్టర్ కలిపి ఎక్కువసేపు తిప్పకు.

నీ గోరంత క్లిప్ సంగతి, ఫ్యాన్ రెక్కలు ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లు. బ్యాలెన్స్ కోసం తగిలించింది అయ్యుండొచ్చు, వణుకుతోందని నువ్వే అన్నావు కదా.

సిలికాన్_బ్యాచ్:
అన్నా నేనైతే సిలికానే పెట్టా, ఆరేళ్లయింది ఏమీ కాలేదు. ఊరికే భయపెడుతున్నారు.

గ్రీజు_చేతులు:
ఆరేళ్లలో ఒక్కసారైనా తెరిచావా?

సిలికాన్_బ్యాచ్:
లేదు

గ్రీజు_చేతులు:
మరి తెరిచినప్పుడు చెప్పు. నలభై ఏళ్లు దాటిన ప్లాస్టిక్ అది, సిలికాన్ వదలదు, అంచే విరిగి చేతికొస్తుంది. బ్యూటైల్ టేప్ (జిగురుగా ఉండే రబ్బరు టేప్) అయితే మెత్తగా అలాగే ఉంటుంది, కావలసినప్పుడు లాగేయొచ్చు. బాక్స్‌ని ఇంజిన్ వైపు గోడకి ఆనించే చోట కూడా కొత్త ఫోమ్ వెయ్యాలి, లేకపోతే ఇంజిన్ వేడీ వాసనా నేరుగా లోపలికొస్తాయి.

చల్లగాలి:
ఏసీ వైపు ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తా, కొంచెం పొడవవుతుంది. ఎవాపరేటర్ (గాలిని చల్లబరిచే సన్న రెక్కల జాలీ) చుట్టూ బాక్స్‌కీ దానికీ మధ్య సందు లేకుండా ఫోమ్ పెట్టండి, గాలికి పక్కదారి దొరికితే రెక్కల మధ్యలోంచి వెళ్లదు. ఎవాపరేటర్‌లోకి గ్యాస్‌ని కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌కి సన్నటి తీగ చివర వేడిని గుర్తించే చిన్న లోహపు బల్బు ఉండే రకం అయితే ఆ బల్బుని ఎవాపరేటర్ నుంచి బయటికెళ్లే పైపు మీద, పైపుని మెరిసేలా రుద్ది గట్టిగా క్లాంప్ చేసి, పైన కార్క్ టేప్ దట్టంగా చుట్టాలి. ఊరికే ఆనించి వదిలేస్తే అది పైపు చల్లదనం కాకుండా చుట్టూ ఉన్న గాలి వేడి చూస్తుంది, వాల్వ్ ఎక్కువ తెరుచుకుని లిక్విడ్ కంప్రెసర్ దాకా పోతుంది. థర్మోస్టాట్ తీగ కూడా రెక్కల్లో పాత చిల్లులోకే దూర్చండి, మెలిక పడనివ్వొద్దు. అది బయటికి జారితే ఎవాపరేటర్ గడ్డకట్టినా కంప్రెసర్ ఆగదు, కాసేపు చల్లగా వచ్చి ఆ తర్వాత గాలే రాదు.

కింద నీళ్లు పోయే గొట్టంలో ఒక గ్లాసు నీళ్లు పోసి చూడండి, టేబుల్ మీద ఉండగానే. అది మూసుకుపోతే నీళ్లన్నీ కార్పెట్ కిందకే వస్తాయి.

బండి ఆర్‌12 అనే పాత ఏసీ గ్యాస్ కాలంది, తర్వాత వచ్చిన ఆర్‌134ఎ గ్యాస్‌కి మారుస్తున్నారా? మారిస్తే పైపు జాయింట్లలోని ఓ రింగులన్నీ హెచ్‌ఎన్‌బీఆర్ రబ్బర్‌వి వేయండి. కంప్రెసర్ కోసం వేసిన పాత మినరల్ ఆయిల్ ఆర్‌134ఎ తో కలవదు, దాన్ని వీలైనంత తీసేసి ఎస్టర్ ఆయిల్ వేయాలి. గ్యాస్ కూడా పాత ఆర్‌12 బరువులో 80, 85 శాతం దగ్గర మొదలెట్టాలి, అంతకు అంత నింపితే హెడ్ ప్రెషర్ (కంప్రెసర్ నుంచి బయటికొచ్చే వైపు ప్రెషర్) పెరిగిపోతుంది. డ్రయర్ (సిస్టమ్‌లో తేమ పీల్చే డబ్బా) కొత్తదే వేయండి, కానీ అన్నిటికన్నా చివర్లో బిగించండి, మూతలు తీసి పక్కన పెడితే గాలిలో తేమంతా తాగేస్తుంది. ఆ తర్వాత వ్యాక్యూమ్, అంటే పంపుతో లోపలి గాలి లాగేయడం, కనీసం ముప్పావుగంట, పంపు ఆపాక గేజ్ ముల్లు కదలకూడదు. పాత ఆర్‌12 ఇంకా సిస్టమ్‌లో ఉంటే మాత్రం గాల్లోకి వదలొద్దు ప్లీజ్, మెషిన్‌లోకి తీయించండి.

పాతబండి_పిచ్చోడు:
అప్‌డేట్. బాబాయ్ గారూ మీకో దండం, వైర్లు మార్చగానే టేబుల్ మీది కాగితాలన్నీ ఎగిరిపోయాయి, తెలియక కొత్త మోటార్ ఆర్డర్ పెట్టేవాడిని. క్లిప్ సంగతి కూడా తేలింది, రెక్కలన్నీ తుప్పు రంగులో ఉంటే ఒక్క రెక్క అంచున మాత్రం గోరంత మేర శుభ్రంగా మెరుస్తోంది, అక్కడ తగిలించి తిప్పితే వణుకు పోయింది.

ఇక హీటర్ కోర్. అన్నా నువ్వు చెప్పావని అయిష్టంగానే ముంచా, పైకి కొత్తదానిలా ఉంది మరి. మొదట ఏమీ రాలేదు, తీసేద్దామనుకుంటుండగా పక్క ట్యాంక్ అతుకు దగ్గర ఒక సన్న బుడగ, కాసేపాగి ఇంకోటి. ఇత్తడిది కాబట్టి టంకం పెట్టించడానికి ఇచ్చా, వచ్చాక మళ్లీ ముంచుతా. ఆదివారం ప్లాన్ పోయింది. గ్యాస్ అయితే లేదు, నేను కొనేనాటికే సిస్టమ్ ఖాళీ. కేబుళ్లు ఎప్పుడు కలపాలి, బాక్స్ లోపల పెట్టాకా ముందా?

గ్రీజు_చేతులు:
పెట్టాక. లివర్ ఫుల్ కూల్‌లో ఉంచి, ఫ్లాప్‌ని చేత్తో పూర్తిగా మూసి పట్టుకుని, అప్పుడు కేబుల్ బయటి తొడుగు మీద క్లిప్ నొక్కు. డ్యాష్ బిగించకముందే ఓ పదిసార్లు అటూ ఇటూ కదిపి చూడు. ఈసారి లోపలి ఫోటోలు కూడా తీసుకో.