జీపుకు అడ్డం కూర్చున్నందుకు 132 కేసు: ఎవరికైనా అనుభవం ఉందా?

పెన్నాగట్టు:
మాది కావలి దగ్గర పల్లె. పోయిన నెల హైవే దాటుతున్న మా ఊరి పెద్దాయన్ను లారీ గుద్దేసింది, ప్రాణం అక్కడికక్కడే పోయింది. ఊరంతా రోడ్డెక్కింది. శవాన్ని తీయించడానికొచ్చిన పోలీసు జీపుకు అడ్డంగా పిలకాయలు కూర్చున్నారు, అందులో మా అక్క కొడుకు ఒకడు. లేపడానికి చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు. అంతే. ఇప్పుడు బీఎన్ఎస్ (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 132, 221, 126(2), 189(2), 190 అని కేసు. వాడు కువైట్ పోవాలని కాగితాలన్నీ సిద్ధం చేసుకున్నాడు. మా అక్క సరిగ్గా అన్నం తిని వారమైంది. తెలిసినవాళ్లు చెప్పండన్నా.

వకీలు గుమాస్తా:
నెల్లూరు కోర్టులో ఇరవై ఏళ్లుగా ఫైళ్లు మోస్తున్నా. ఈ సెక్షన్లన్నీ ఒకే బరువు కాదు. 221 అంటే ప్రభుత్వ ఉద్యోగి విధులకు అడ్డు తగలడం, పాత ఐపీసీ 186. 3 నెలల దాకా జైలు, లేదా 2,500 దాకా జరిమానా, లేదా రెండూ. బెయిల్ హక్కుగా వస్తుంది. పైగా ఆ అధికారి గానీ ఆయన పైఅధికారి గానీ కోర్టుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, లేకపోతే 221ని కోర్టు విచారణకు తీసుకోకూడదు. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ బదులు వచ్చిన చట్టం) 215లో ఉంది, మీ వకీలు ముందు అది చూడాలి. 126(2) దారి అడ్డగించడం, నెల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. 189(2) చట్టవిరుద్ధమైన గుంపులో ఉండడం.

అసలు భయపడాల్సింది 132కి, పాత 353. విధుల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగిని ఆపడానికి దౌర్జన్యం చేయడం, బలం వాడడం. 2 ఏళ్ల దాకా జైలు, నాన్‌బెయిలబుల్, రాజీకి కుదరదు. ఆ చెయ్యి విదిలింపును వాళ్లు ఏ మాటల్లో రాశారో ఎఫ్ఐఆర్ కాపీ తీసి చదవండి. కేసంతా ఆ ఒక్క వాక్యం మీద నడుస్తుంది.

చీమకుర్తి కొండ:
మాకు జరిగింది చెప్తా. క్వారీ టిప్పర్ల గొడవలో జీపు చుట్టూ మూగాం. వెనక నుంచి ఎవడో రాయేశాడు, అద్దం పగిలింది. ఎవడేశాడో ఈ రోజుకీ తెలియదు. 14 మంది మీద రాశారు. పోలీసు జీపు ప్రభుత్వ ఆస్తి కదా, 1984 నాటి ప్రజా ఆస్తుల చట్టం కూడా పడింది, దానికి 5 ఏళ్ల దాకా ఉంది. గుంపులో ఒకడు చేసిన పని అందరికీ చుట్టుకోవడానికే ఆ 190. ఆరేళ్లు ఒంగోలు కోర్టు చుట్టూ తిరిగి బయటపడ్డాం. వాయిదా పడిన ప్రతిసారీ కూలి పోయేది.

పొగాకు రైతు, కొండపి:
ధర కోసం రోడ్డు మీద కూర్చుంటే మాకూ 353 వేశారు, ఎవర్నీ ముట్టుకోకపోయినా. గట్టిగా అరిస్తే కూడా అదే సెక్షనా? ఇది అన్యాయం అని మొహమాటం లేకుండా చెప్తా.

వకీలు గుమాస్తా:
అరిచినంత మాత్రాన కాదు. 2015లో సుప్రీంకోర్టు బెంగళూరు కేసొకటి కొట్టేసింది. ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో వాళ్ల గురించి పెట్టిన రాతలకు 353 వేశారు. దౌర్జన్యం గానీ బలప్రయోగం గానీ లేదు, ఆ సెక్షన్ వర్తించదన్నారు. మీ కేసు ఇంకా నడుస్తుంటే కొట్టేయమని హైకోర్టులో అడగొచ్చు, ఇప్పుడది బీఎన్ఎస్ఎస్ 528.

రిటైర్డ్ హెడ్డు:
పిల్లోడి బాధ అర్థమవుతుంది. మా పోలీసుల వైపు కూడా వినండి. జీపు ఆగితే అందులోని మనిషి ఆగుతాడు. ఒకసారి లారీ డ్రైవర్ని జనం చేతిలోంచి తప్పించి ఎక్కించుకున్నాం. నలభై మంది బండిని కదలనివ్వలేదు. వాడి తల నుంచి రక్తం నా ఒళ్లోకి కారుతోంది, ఆస్పత్రి రెండు కిలోమీటర్లు. ఆ అరగంట నేను మర్చిపోలేదు. కోపం ఉంటే కలెక్టరాఫీసు ముందు కూర్చోండి. బండి ముందు కాదు. పోలీసుకి దెబ్బ తగిలితే 121(1), 5 ఏళ్ల దాకా. ఎముక విరిగితే 121(2), ఏడాదికి తగ్గకుండా పదేళ్ల దాకా.

పెన్నాగట్టు:
హెడ్డుగారూ, మీ మాట కాదనను. మావాడు ఎవర్నీ కొట్టలేదు, వీడియో ఉంది. నిన్న స్టేషన్ నుంచి వాట్సాప్‌లో నోటీసొచ్చింది. పోతే లోపలేస్తారా?

వకీలు గుమాస్తా:
7 ఏళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో మామూలుగా ముందు స్టేషన్‌కు హాజరు కమ్మని బీఎన్ఎస్ఎస్ 35(3) నోటీసు ఇస్తారు. హాజరై సహకరిస్తే, కారణం రాయకుండా అరెస్టు చేయకూడదు. వాట్సాప్ నోటీసు చాలదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా తప్పించుకోవద్దు, వకీల్ని వెంటబెట్టుకుని పోయి కాగితం మీద తీసుకోండి. వీడియోను అసలు ఫోన్లోనే ఉంచండి, కత్తిరించొద్దు. ముందస్తు బెయిల్ సంగతి కూడా వకీల్నే అడగండి.

కువైట్ సంగతి: ఎఫ్ఐఆర్ ఉన్నంత మాత్రాన పాస్‌పోర్టు ఆగదు. చార్జిషీటు పడి కోర్టు విచారణకు తీసుకున్నాక మాత్రం ఆ కోర్టు అనుమతి కావాలి. పాస్‌పోర్టు ఫారంలో కేసు లేదని రాయొద్దు, ఆ అబద్ధం ఇంకో కేసవుతుంది.

పెన్నాగట్టు:
సోమవారం పోతున్నాం. ఈ పేజీ అంతా మా అక్కకు చదివి వినిపించా. రాత్రి నాలుగు ముద్దలు తినింది.