హెన్రీ క్లే చేసిన రాజీల వల్ల మేలు జరిగిందా, కీడు జరిగిందా?

తుంగభద్ర_గట్టు (కర్నూలు):
అన్నా అందరికీ నమస్తే, నేను కర్నూల్లో రూమ్ తీసుకుని సివిల్స్‌కి చదువుకుంటాండా. అమెరికా సివిల్ వార్ దగ్గర ఆగిపోయినా. హెన్రీ క్లే అని కెంటకీ లీడర్, బానిసత్వం మీద ఉత్తరాది, దక్షిణాది కొట్లాడుకుంటాంటే 1820లో మిస్సోరి రాజీ, మళ్ళా 1850లో ఇంకో రాజీ, రెండింట్లోనూ ఈయన చెయ్యి ఉంది. కానీ 1861లో యుద్ధం వచ్చేసింది గదా, మరి ఇంత చేసి ఏం లాభం? పైగా తన తోటలోనే బానిసలుండారంట. ఈ మనిషిని ఎట్లా అర్థం చేసుకోవాల?

పాత_మాస్టారు (అనంతపురం):
నాయనా, ముందు లెక్క చూడు. 1819లో బానిసత్వం ఉండే రాష్ట్రాలు 11, లేనివి 11. సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికీ రెండు సీట్లే కాబట్టి మిస్సోరి ఎటు పోతే అటు బరువు. అందుకే మిస్సోరిని బానిస రాష్ట్రంగా, మెయిన్‌ని స్వేచ్ఛా రాష్ట్రంగా చేర్చుకుని, మిగతా పడమటి భూమికి 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం దగ్గర గీత గీసినారు, దానికి ఉత్తరాన బానిసత్వం ఉండకూడదని. అప్పుడు క్లే అమెరికా పార్లమెంటు దిగువ సభకి (హౌస్‌కి) స్పీకర్. 1850 ఇంకా కష్టం. మెక్సికో దగ్గర గెలిచిన భూమి ఉండాది, కాలిఫోర్నియాలో బంగారం పడింది, జనం ఎగబడిపోయినారు, ఆ కొత్త భూమిలో బానిసత్వం ఉండాలా వద్దా అని తగువు. జనవరి 29న సెనేట్‌లో క్లే, 72 ఏళ్ళ మనిషి, లేచి రాజీ తీర్మానాలు పెట్టినాడు. అన్నీ కలిపి ఒకే బిల్లుగా తెస్తే జులై 31న చీలికలు పేలికలైపోయింది, ఎందుకంటే ఒక్కో ముక్కకి ఒప్పుకునేవాళ్ళు ఉండారు గానీ మొత్తానికి ఒప్పుకునేవాళ్ళు లేరు. స్టీఫెన్ డగ్లస్ అనే ఇంకో సెనేటర్ అదే సరుకుని విడివిడిగా పెట్టి సెప్టెంబర్‌లో పాస్ చేయించినాడు. పదేళ్ళు యుద్ధం ఆగింది, ఆ పదేళ్ళలో ఉత్తరాదిలో రైళ్ళు, ఫ్యాక్టరీలు, జనం బాగా పెరిగినారు. లింకన్ కూడా క్లేని తన ఆదర్శం అని చెప్పుకున్నాడు, అది మర్చిపోవద్దు.

గండికోట_పిల్ల (కడప):
మాస్టారూ మీ మీద గౌరవం ఉంది, కానీ నాకు కడుపు మండుతాది ఈ విషయంలో. రాజీ ఎవరి మధ్య? ఓనర్లకీ ఓనర్లు కాని తెల్లోళ్ళకీ మధ్య. మా పక్క ఫ్యాక్షన్ రాజీలు చిన్నప్పటి నుంచి వింటాన్నా, పెద్దోళ్ళిద్దరూ కూర్చుని కేసులు ఎత్తేసుకుంటారు, మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషిని మాత్రం ఎవురూ పిలిచి నీకేం కావాలమ్మా అని అడగరు. 1850 రాజీలో పారిపోయిన బానిసల చట్టం చూడండి, పట్టుబడిన మనిషికి జ్యూరీ లేదు, తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకునే వీల్లేదు, కేసు తేల్చే కమిషనర్‌కి మనిషిని ఓనర్ దగ్గరికి వెనక్కి పంపిస్తే 10 డాలర్లు, వదిలేస్తే 5 డాలర్లు! దాన్ని శాంతి అంటే నేనొప్పుకోను.

పాత_మాస్టారు:
అమ్మా, ఆ చట్టాన్ని నేనూ సమర్థించను. నీ మాట నిజమే, ఆ మనుషుల్ని ఎవరూ అడగలేదు. కానీ 1850లోనే దక్షిణాది విడిపోయి ఉంటే వాళ్ళని విడిపించేదానికి బలం ఉత్తరాదికి ఉండేదా అని నాకు ఇప్పటికీ గుంజాటనే.

తుంగభద్ర_గట్టు:
మరి శ్రీబాగ్ ఒప్పందంతో పోల్చి రాయొచ్చా అన్నా ఆన్సర్‌లో?

గండికోట_పిల్ల:
వద్దు తమ్ముడూ. 1937లో మద్రాసులో మన సీమోళ్ళు తమ కోసం తామే కూర్చుని నీళ్ళ గురించి, రాజధాని గురించి అడిగినారు, అమలు సంగతి వేరే. అక్కడ బానిసలకి కుర్చీయే లేదు. రాయాలనుకుంటే షార్లెట్ డుపూయి గురించి రాయి. క్లే విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు వాషింగ్టన్‌లో ఆయన ఇంట్లో ఉన్న బానిస. 1829లో ఆయన మీదే స్వేచ్ఛ కోసం కేసు వేసింది. ఓడిపోయింది. కెంటకీకి రానని మొండికేస్తే జైల్లో పెట్టించినారు, తర్వాత న్యూ ఆర్లీన్స్‌లో ఆయన కూతురింటికి పంపినారు. 1840లో గానీ ఆమెని విడిచిపెట్టలేదు.