కంచె లోపలి అలాస్కా జంతువులను చూడటానికి వెళ్లడం సమంజసమేనా?

ప్రశ్న:
అలాస్కా స్థానిక జంతువులను చూడటానికి ప్రయాణం తలపెట్టాము. ఆంకరేజ్ నుంచి స్యువార్డ్ రహదారి మీద గంట దూరంలో, పోర్టేజ్ వద్ద సుమారు 200 ఎకరాల్లో ఉన్న అలాస్కా వన్యప్రాణి సంరక్షణ కేంద్రానికి వెళితే మూస్ (భారీ దుప్పి), కారిబూ (ధ్రువ ప్రాంతపు జింక), మస్క్ ఆక్స్ (దట్టమైన బొచ్చున్న ఎద్దులాంటి జంతువు), ఎలుగుబంటి అన్నీ ఒకే పూటలో కనిపిస్తాయని చెబుతున్నారు. కంచె వెనుక ఉన్న జంతువును చూడటం సరైనదేనా, లేక జంతువులు స్వేచ్ఛగా తిరిగే డెనాలీ జాతీయ ఉద్యానవనానికి వెళ్లడమే న్యాయమా? మీ అభిప్రాయాలు తెలుపగలరు.

మొదటి సమాధానం:
నేను వ్యతిరేకిని. వందల చదరపు కిలోమీటర్లలో సంచరించే ఎలుగుబంటికి కొన్ని ఎకరాల ఆవరణ, ఎంత శుభ్రంగా ఉంచినా, ఇల్లు కాజాలదు. డెనాలీ విస్తీర్ణం సుమారు 60 లక్షల ఎకరాలు. వేసవిలో అక్కడి దారిలో 15వ మైలు దాటాక సొంత వాహనాలను సాధారణంగా అనుమతించరు కాబట్టి బస్సులోనే వెళ్లాలి. కాలినడకన వెళ్లేవారు ఎలుగుబంటికి 300 గజాల దూరం పాటించాలి. రోజంతా తిరిగినా ఏమీ కనిపించకపోవచ్చు, కానీ అలాంటి రోజున కూడా ఆ నేల ఎవరిదో మనకు అర్థమవుతుంది.

రెండవ సమాధానం:
పై మాటలోని ఆవేదనను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. కంచె ఉందా లేదా అన్నదానికంటే, ఆ కంచె తలుపు ఎప్పుడైనా బయటికి తెరుచుకుందా అన్నదే అసలు ప్రశ్న అని నా నమ్మకం. పోర్టేజ్‌లో అది నిజంగానే తెరుచుకుంది. అలాస్కాలో వందేళ్లకు పైగా కనిపించకుండా పోయిన వుడ్ బైసన్ (అడవి దున్నను పోలిన భారీ జంతువు) జాతిని తిరిగి నిలబెట్టాలని 2008లో కెనడాలోని ఎల్క్ ఐలాండ్ జాతీయ ఉద్యానవనం నుంచి దూడలను తెచ్చి ఈ కేంద్రంలోనే పెంచారు. ఈ జాతి అమెరికాలోని అంతరించే ప్రమాదమున్న జంతువుల చట్టం కిందికి వస్తుంది కాబట్టి, విడిచిపెడితే ఆ భూముల వినియోగం మీద ఆంక్షలు పడతాయన్న భయం ఉండేది. ఆ ఆంక్షలను సడలించే ప్రత్యేక నిబంధన 2014లో వచ్చేదాకా మంద కంచెలోనే ఎదురుచూడవలసి వచ్చింది. 2015లో సుమారు 130 బైసన్లను పశ్చిమ అలాస్కాలోని ఇన్నోకో నదీ పరీవాహక ప్రాంతానికి తరలించి వదిలారు, ఆ వసంతంలోనే అక్కడ దూడలు పుట్టాయి. తరువాతి గడ్డు శీతాకాలాల్లో చాలా పశువులు చనిపోయిన మాట కూడా దాచకూడదు, ఎందుకంటే అడవికి తిరిగి చేర్చడం ఒక్క రోజు వేడుకతో ముగిసే పని కాదు. ఆ ఏళ్లన్నీ మందకు మేత వేసిన కేంద్రం లాభాపేక్ష లేని సంస్థ. దానికి సందర్శకుల రుసుము ఒక ముఖ్యమైన ఆధారం.

డెనాలీని మాత్రం మనుషుల నీడ పడని చోటుగా భావించడం సరికాదు. ఉద్యానవనపు సరిహద్దు దాటిన తోడేళ్లను వేటగాళ్లు పట్టకుండా కాపాడిన రక్షణ మండలాన్ని 2010లో ఎత్తివేశారు. తోడేలుకు మ్యాపు మీది గీత కనిపించదు కదా. మీరు వెళ్లేటట్లయితే ఇంకొక సంగతి: 2021లో కొండచరియ జారినందువల్ల డెనాలీ లోపలి 92 మైళ్ల దారి దాదాపు సగంలో మూతపడింది, బయలుదేరే ముందు తప్పక విచారించుకోండి.

మొదటి సమాధానం ఇచ్చినవారి స్పందన:
బైసన్ల విషయంలో మీ వాదనను అంగీకరిస్తున్నాను. ఆ మందకు కంచె ఒక మజిలీ మాత్రమే. ఎలుగుబంట్ల విషయంలో అంగీకరించలేను. కేంద్రం చేరదీసే, తల్లిని కోల్పోయిన కూనను అడవిలో వదిలితే బతకదని, మనిషి చేతి తిండికి అలవాటుపడ్డాక వదిలితే ఊళ్ల మీదికి వస్తుందని నాకూ తెలుసు. ప్రాణం నిలిపినందుకు కృతజ్ఞత చెప్పవలసిందే, అయినా జీవితాంతం అక్కడే ఉండబోయే జంతువును చూసి అడవిని చూశామని పిల్లలకు చెప్పడానికి నాకు మనసొప్పదు. ప్రశ్న అడిగినవారు పోర్టేజ్‌కే వెళ్లదలిస్తే, బైసన్ల ఆవరణ దగ్గర ఎక్కువసేపు నిలబడి, ఇన్నోకో మంద ఇప్పుడెలా ఉందో అక్కడి సిబ్బందిని అడగమని నా మనవి.