డిటెక్షన్, ఐడెంటిఫికేషన్: రెంటికీ ‘గుర్తించడం’ అనే రాయాలా?

ప్రశ్న: పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతితో ప్రమాదకర రసాయనాలను కనుక్కునే పద్ధతి మీద ఒక వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. గోడ మీదో, తలుపు పిడి మీదో, వాహనం పెయింటు మీదో పల్చటి పొరలా మిగిలిపోయిన రసాయనం సంగతి. మూలంలో డిటెక్షన్ వేరు, ఐడెంటిఫికేషన్ వేరు. నేను రెంటికీ ‘గుర్తించడం’ అని రాస్తే ‘గుర్తించాక గుర్తించాలి’ అన్న వాక్యం తయారైంది! ‘కనిపెట్టడం’ అందామంటే కొత్తగా ఆవిష్కరించడం అనుకుంటారు.

– మొదటిదానికి ‘పసిగట్టడం’ వాడండి. పేపర్లలో రోజూ కనబడే మాటే.

– పసి అంటే వాసన కదండీ. ఇక్కడ వాసనకే దిక్కు లేదు. వీఎక్స్ లాంటి నరాల విషం నూనెలా జిడ్డుగా ఉంటుంది, ఆవిరయ్యేది బహు తక్కువ. గాలిని పీల్చి చెప్పే పరికరానికి సరిగా అందదు కాబట్టే ఉపరితలం మీద కాంతి వేసి చూస్తున్నారు. దానికి ‘పసిగట్టడం’ ఎలా కుదురుతుంది?

– కుట్రను పసిగట్టారు అన్నప్పుడు ఎవరూ ముక్కు గురించి ఆలోచించరు. ఆ మాట వాసన వదిలేసి చాలా కాలమైంది, నిక్షేపంగా వాడుకోవచ్చు. ఆలోచించాల్సింది రెండో మాట గురించి.

అసలు జరిగేది చూడండి. అణువులోని బంధాలు ఎప్పుడూ కంపిస్తూనే ఉంటాయి. ఒక్కో రకం బంధం తన కంపనానికి సరిపడే పరారుణ తరంగాలనే పీల్చుకుంటుంది. వేసిన కాంతికీ తిరిగొచ్చిన కాంతికీ ఎక్కడెక్కడ తేడా వచ్చిందో గీస్తే అది వర్ణపటం. ‘ఇక్కడ ఉత్త గోడే కాదు, ఇంకేదో ఉంది’ అని తేలితే పసిగట్టినట్టు. ఆ ఇంకేదో ఏమిటో తేలాలంటే, ముందే తీసి దాచుకున్న నమూనా వర్ణపటాలను ఒక్కొక్కటే పక్కన పెట్టి చూడాలి. దీనికి మనకో చక్కటి మాట ఉంది: పోల్చుకోవడం. చాలా ఏళ్లకు కలిసినవాళ్లు ‘నన్ను పోల్చుకున్నావా?’ అంటారు, నేనెవరో తెలిసిందా అని. సరిచూడటం, ఫలానా అని తేల్చుకోవడం రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. పరికరం చేసేదీ సరిగ్గా ఆ రెండే.

– మాట బాగుంది. కానీ ఇప్పటి పాఠకుడికి పోల్చడం అంటే కంపారిజనే తడుతుంది.

– ‘కో’ చేరిస్తే తట్టదు. ‘పోల్చింది’ వేరు, ‘పోల్చుకుంది’ వేరు. పైగా ఈ తేడా పాటిస్తే, మీ వ్యాసంలో ఎలాగూ వచ్చే ఒక చిక్కు సులువుగా చెప్పొచ్చు. నరాల విషాల్లో ఫాస్ఫరస్, ఆక్సిజన్, కార్బన్ వరుసగా ఉండే బంధం సెంటీమీటరుకు 1000 తరంగాలు దాటిన చోట జాడ చూపిస్తుంది. ఇసుకలో, గాజులో ఉండే సిలికాన్–ఆక్సిజన్ బంధం కూడా 1000–1100 దగ్గరే బలంగా పలుకుతుంది. దాంతో ఇసుక మీద పడిన విషం జాడ ఇసుక జాడతో కలగలిసి, ఏదో ఉందని తేలినా అదేమిటో తేలకపోవచ్చు. అప్పుడు ‘పరికరం పసిగట్టింది గానీ పోల్చుకోలేకపోయింది’ అని ఒక్క ముక్కలో రాసేయొచ్చు. ‘గుర్తించింది గానీ గుర్తించలేకపోయింది’ అని రాయలేం కదా!

– పనిలో పని, ‘పరారుణ’ కూడా తప్పేనేమో? ఇన్‌ఫ్రా అంటే కింద అని. హిందీలో ‘అవరక్త’ అంటారు.

– తప్పేం కాదు. పౌనఃపున్యం లెక్కన ఎరుపుకు కింద, తరంగదైర్ఘ్యం లెక్కన అవతల. 1800లో విలియం హెర్షెల్ పట్టకం విడగొట్టిన రంగుల్లో ఎరుపుకు అవతల థర్మామీటరు పెట్టి చూస్తేనే కదా ఈ వేడి సంగతి బయటపడింది. ‘పర’ సరిగ్గానే ఉంది.

ప్రశ్న: వాక్యాల్లో పోల్చుకోవడం ఖాయం. శీర్షికకు నామవాచకం కావాలి, ‘పోలిక’ పెట్టొచ్చా?

– వద్దండీ, అది సామ్యం అయిపోతుంది. శీర్షికలో ‘ఆనవాలు పట్టడం’ అనండి, లోపల మాత్రం పోల్చుకోనివ్వండి.